746 జీబీ లెక్క ఏమిటి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ. కొత్తగా తెచ్చిన పెద్ద హార్డ్ డిస్క్ పాత సిస్టమ్‌లో సరిగ్గా కనపడటం లేదు. అందుకని ప్రింటర్ల ప్రశ్నలు, వైఫై ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి, ఈసారి చోటంతా డిస్కులకే ఇచ్చాను. గుంటూరు అరండల్‌పేటలో ఇరవై రెండేళ్లుగా సిస్టమ్‌లు బాగుచేస్తున్నాను. పోయిన ఫైళ్ల కోసం నా బల్ల ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లని చూశాను. మొదటి జవాబు పొడుగైనా పూర్తిగా చదవండి.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు చేస్తాం. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు అన్నీ పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌లోనే ఉన్నాయి. దాంట్లో 500 జీబీ డిస్క్ నిండిపోయింది. సీసీటీవీ కెమెరాలు బిగించే తెలిసినతను డీవీఆర్‌లోంచి (కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె) తీసిన 3 టీబీ డిస్క్ తక్కువ ధరకి ఇచ్చాడు. బిగిస్తే 746 జీబీ అని చూపించింది. ఫార్మాట్ కొడితే అయింది. 2009 నుంచి ఉన్న ఫైళ్లు 300 జీబీ దాకా దాంట్లోకి మార్చి, పాత డిస్క్‌లో తీసేశాను. మిగతా రెండు టీబీలు ఏమయ్యాయి? పక్క షాపు కుర్రాడు దీన్ని విండోస్ 7 సిస్టమ్‌లో పెట్టి, పార్టిషన్ (డిస్క్‌లో ఫైళ్లకి కేటాయించిన భాగం) పెంచి తెచ్చి బిగిస్తే సరిపోతుందంటున్నాడు. చేయించమంటారా?
(డీటీపీ ఆపరేటర్, తెనాలి)

జవాబు: వద్దండీ. చేయించకండి.

ముందు చేయాల్సిన పని చెప్తాను, కారణం తర్వాత. ఇవాళే ఒక 1 టీబీ యూఎస్‌బీ డిస్క్ తెచ్చి ఆ 300 జీబీ దాంట్లోకి కాపీ చేయండి. కాపీ అయిందనుకుని వదిలేయొద్దు. ఆ కాపీలోంచే 2009 ఫైలు ఒకటి, మొన్నటి శుభలేఖ ఒకటి, మధ్యలోవి నాలుగైదు పేజ్‌మేకర్‌లో తెరిచి చూడండి. పాత డిస్క్‌లో తీసేశానన్నారు కదా, అంటే పదిహేనేళ్ల పనికి ఇప్పుడు ఉన్నది ఒక్కటే కాపీ. అదీ డీవీఆర్‌లో రాత్రీపగలూ తిరిగిన డిస్క్ మీద. మీ ఉత్తరం చదివాక నాకు టెన్షన్ పట్టుకున్నది 746 కంటే ఆ ఒక్క కాపీ గురించే.

ఇక లెక్క. డిస్క్‌లో స్థలం గళ్లు గళ్లుగా ఉంటుంది. గడిని సెక్టర్ అంటారు. మామూలుగా సెక్టర్‌కి 512 బైట్లు. ప్రతి సెక్టర్‌కీ ఒక నంబరు ఉంటుంది. డిస్క్‌లో ఏ పార్టిషన్ ఎక్కడుందో రాసిపెట్టే పాత పద్ధతిని ఎంబీఆర్ అంటారు. దాంట్లో ఆ నంబరు రాయడానికి ఇచ్చింది 32 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గళ్లు. పాత కరెంటు మీటరు గుర్తుందా? అయిదు అంకెల చక్రాలుండేవి. 99999 దాటితే మళ్లీ 00000. ఇదీ అలాంటిదే. 32 బిట్లలో పట్టే నంబర్లు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. దాన్ని 512తో హెచ్చిస్తే విండోస్ భాషలో సరిగ్గా 2048 జీబీ, అంటే 2 టీబీ.

మీ 3 టీబీ డిస్క్‌లో సెక్టర్లు 586 కోట్ల 5 లక్షల 33 వేల 168. అందులోంచి 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 తీసేయండి. మిగిలేది 156 కోట్ల 55 లక్షల 65 వేల 872. దాన్ని 512తో హెచ్చించి జీబీల్లోకి మార్చండి. 746.52 వస్తుంది. మీ స్క్రీన్ మీద కనపడింది ఆ అంకే. డిస్క్‌తో మాట్లాడే చిన్న సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు. మీ సిస్టమ్‌లోని డిస్క్ డ్రైవర్‌కి మీటరు ఒక చుట్టు పూర్తిగా తిరిగి రెండో చుట్టులో 746 దగ్గర ఆగినట్టు కనపడింది. మొదటి చుట్టు సంగతి దానికి తెలియదు. రెండు టీబీలు ఎక్కడికీ పోలేదు, డిస్క్ చెడిపోనూ లేదు.

ఇప్పుడు ప్రమాదం ఎక్కడుందో చూడండి. ఎక్స్‌పీ ఆ డిస్క్‌ని 746 జీబీ అనుకుని ఫార్మాట్ చేసింది కాబట్టి, ఇప్పటిదాకా ఆ హద్దులోపలే రాస్తోంది. మీ ఫైళ్లు ఇంకా తెరుచుకుంటున్నది అందుకే. కుర్రాడు చెప్పినట్టు విండోస్ 7లో పెట్టి పార్టిషన్ పెంచారనుకోండి. పార్టిషన్ పట్టిక ఒక సైజు చెబుతుంది, మీ ఎక్స్‌పీ డ్రైవర్ ఇంకో సైజు చెబుతుంది. ఇద్దరికీ పొంతన కుదరక డ్రైవ్ అసలే తెరుచుకోకపోవచ్చు. లేదా తెరుచుకుని, 746 దాటి ఉన్న ఫైళ్ల దగ్గర ఎర్రర్ ఇవ్వొచ్చు. ఆ స్థితిలో ఎక్స్‌పీ ఆన్ అయ్యేటప్పుడు నీలం స్క్రీన్ మీద డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్‌ని దానంతటదే మొదలుపెట్టొచ్చు. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కితే ఆగుతుంది. నొక్కకపోతే బాగున్న ఫైళ్లని తప్పుగా ఉన్నాయనుకుని సరిచేయడం మొదలెడుతుంది. చెక్‌డిస్క్ మంచి పనిముట్టే, కానీ డిస్క్ సైజే తప్పుగా తెలిసినప్పుడు దాని మరమ్మతు మనకి నష్టం.

అంతకంటే ఘోరమైనది ఇంకోటుంది. డ్రైవర్‌లోనో, యూఎస్‌బీ డబ్బా లోపలి చిప్‌లోనో ఎక్కడో ఒకచోట 32 బిట్లు దాటిన నంబరు తల తెగిపోతే, 2 టీబీ దాటి రాయాల్సిన ఫైలు డిస్క్ మొదట్లోకి వెళ్లి పడుతుంది. మొదట్లో ఉండేవి పార్టిషన్ పట్టిక, ఫైళ్ల జాబితా. అవి పోతే ఫైళ్లున్నా దారి ఉండదు. అప్పుడు మీకు ఏ ఎర్రరూ రాదు. కాపీ వంద శాతం అయిందనే చూపిస్తుంది. మర్నాడు ఆన్ చేసినప్పుడు తెలుస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఎక్స్‌పీ 2001లో వచ్చినప్పుడు ఇలాంటి హద్దే ఇంకోటుండేది, 137 జీబీ దగ్గర. అప్పటి పద్ధతిలో సెక్టర్ నంబరుకి 28 బిట్లే. 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1 అనే సవరణల మూటతో దాన్ని సరిచేశారు. నేను షాపు పెట్టిన కొత్తలో ఒక ఫోటో స్టూడియో అతని సిస్టమ్‌లో 160 జీబీ డిస్క్ ఉండేది. వైరస్ పట్టిందంటే ఎక్స్‌పీ మళ్లీ ఎక్కించాను. నా దగ్గరున్న సీడీ సర్వీస్ ప్యాక్ లేని మొదటి సీడీ. చివరి పార్టిషన్ డిస్క్ కొసదాకా ఉందని నాకు తెలుసు, అయినా సర్వీస్ ప్యాక్ ఎక్కించకుండానే ఇచ్చి పంపాను. అతను ఆ రాత్రి ఒక పెళ్లి వీడియో క్యాసెట్లన్నీ చివరి డ్రైవ్‌లోకి ఎక్కించాడు. పొద్దున సిస్టమ్ ఆన్ కాలేదు. వీడియో వెళ్లి సీ డ్రైవ్ మీద పడింది. మై డాక్యుమెంట్స్‌లో ఆ సీజన్ పెళ్లి ఆల్బమ్‌ల డిజైన్లుండేవి. వారం రోజులు రికవరీ సాఫ్ట్‌వేర్‌లు తిప్పాను. కొన్ని వచ్చాయి, చాలా రాలేదు. తప్పు నాదే. అతను నన్నేమీ అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పట్నుంచి పాత సిస్టమ్‌లో పెద్ద డిస్క్ పెట్టమని ఎవరొచ్చినా ముందు సెక్టర్ల లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను.

మరి మీకు చోటెలా? ఎక్స్‌పీ సిస్టమ్‌లో 2 టీబీ డిస్క్ హాయిగా పెట్టుకోవచ్చు. 2 టీబీ అని అమ్మే డిస్క్‌లో సెక్టర్లు 390 కోట్ల 70 లక్షల 29 వేల 168. హద్దు 429 కోట్ల పైన కదా, మొత్తం లోపలే ఉంటుంది. అయితే చిన్న జాగ్రత్త. ఇప్పటి డిస్కులు లోపల 4096 బైట్ల సెక్టర్లు పెట్టుకుని, బయటికి 512 అని చెప్తాయి. ఎక్స్‌పీ పార్టిషన్‌ని 63వ సెక్టర్ దగ్గర మొదలుపెడుతుంది. ఒక పెద్ద సెక్టర్‌లో ఎనిమిది చిన్న సెక్టర్లు పడతాయి, 63 ఎనిమిదితో భాగించబడదు. దాంతో ప్రతి రాతా రెండు పెద్ద సెక్టర్ల మీద అడ్డంగా పడి డిస్క్ నెమ్మదిస్తుంది. ఆ కుర్రాడి విండోస్ 7 సిస్టమ్ ఇక్కడ పనికొస్తుంది. ఖాళీ 2 టీబీ డిస్క్‌ని అక్కడ ఎంబీఆర్‌గా, ఒకే ప్రైమరీ పార్టిషన్‌గా చేసి, విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయించండి. విండోస్ 7 దాన్ని 2048వ సెక్టర్ దగ్గర మొదలుపెడుతుంది, అది ఎనిమిదితో నిశ్శేషంగా పోతుంది. తర్వాత ఎక్స్‌పీలో బిగించండి. పార్టిషన్‌లో మార్పులేవీ మళ్లీ ఎక్స్‌పీలో చేయొద్దు.

ఆ 3 టీబీ డిస్క్‌ని మాత్రం ఎక్స్‌పీలో పెట్టకండి. ఫైళ్లన్నీ భద్రంగా బయటికి వచ్చాయని రూఢి చేసుకున్నాక, దాన్ని విండోస్ 7 సిస్టమ్‌లో, ఎంబీఆర్ బదులు వచ్చిన జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఫార్మాట్ చేసుకుని, ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో షేర్ చేయండి. జీపీటీలో సెక్టర్ నంబరుకి 64 బిట్లు, హద్దు మన జీవితకాలంలో తగలదు. నెట్‌వర్క్ మీదుగా వెళ్లేటప్పుడు సెక్టర్ల లెక్క చూసుకునేది విండోస్ 7. ఎక్స్‌పీకి కావాల్సింది ఫైలు మాత్రమే. డిస్క్ ఎంత పెద్దదైనా దానికి బాధ లేదు. విండోస్ 10, 11లో షేర్ చేస్తే మాత్రం ఎక్స్‌పీకి కనపడకపోవచ్చు. ఎక్స్‌పీ మాట్లాడే పాత నెట్‌వర్క్ భాష, ఎస్‌ఎంబీ 1, వాటిలో మామూలుగా ఆపేసి ఉంటుంది. భద్రత కోసమే ఆపారు. ఎవరైనా ఆన్ చేస్తామంటే ఒప్పుకోకండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సాయం 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కి 2020 జనవరి 14తో ఆగిపోయింది. కాబట్టి ఈ రెండు సిస్టమ్‌లనీ చిన్న స్విచ్‌తో కలుపుకుని, ఇంటర్నెట్ వైరు తగలకుండా ఉంచండి.

అన్నట్టు, పొరపాటున జీపీటీ డిస్క్‌ని ఎక్స్‌పీకి తగిలిస్తే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘జీపీటీ ప్రొటెక్టివ్ పార్టిషన్’ అని ఒక్క ముక్కగా కనపడుతుంది. రైట్ క్లిక్ చేసినా ఏమీ చేయనివ్వదు. డిస్క్ పాడైందని చాలామంది కంగారుపడి, ఏదో సాఫ్ట్‌వేర్ తెచ్చి దాన్ని చెరిపేస్తారు. దయచేసి చెరపొద్దు. పాత విండోస్ ఈ డిస్క్‌ని ఖాళీ అనుకుని రాసేయకుండా వేసిన కంచె అది. ఎక్స్‌పీలో జీపీటీ చదివించే డ్రైవర్లు లేకపోలేదు. పారగాన్ కంపెనీ జీపీటీ లోడర్ అని ఒకటి తెచ్చింది. అయితే ఎక్స్‌పీ మళ్లీ ఎక్కించాల్సి వచ్చిన రోజున ఆ డ్రైవర్ దొరికి, అది ఎక్కేదాకా మీ డిస్క్ మీకు కనపడదు. పదిహేనేళ్ల ఫైళ్లని అలా ఒక చిన్న డ్రైవర్ మీద ఆధారపెట్టడం నాకు ఇష్టం లేదు.

డీవీఆర్ డిస్క్ కొన్నారు కాబట్టి స్మార్ట్ రిపోర్ట్, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, కూడా చూడండి. పవర్ ఆన్ అవర్స్ 26,000 దాటితే మూడేళ్లు ఆగకుండా తిరిగినట్టు. దానికంటే రీఅలొకేటెడ్ సెక్టర్లు (చెడిపోయి వేరేచోటికి మార్చినవి), పెండింగ్ సెక్టర్లు (చదవడం కష్టమై అనుమానంలో ఉన్నవి) ముఖ్యం. సున్నా ఉంటే వాడుకోండి. లేకపోతే దానికి ఇచ్చిన డబ్బు పోయిందనుకుని పక్కన పెట్టండి.

ప్రశ్న: మాది భీమవరంలో ఫోటో స్టూడియో. నాలుగేళ్ల పెళ్లి ఫోటోలు 4 టీబీ యూఎస్‌బీ డిస్క్‌లో ఉన్నాయి. పాత ఎక్స్‌పీ సిస్టమ్‌కీ, కొత్త సిస్టమ్‌కీ రెండింటికీ పనిచేసేది. డబ్బా వెనక పవర్ సాకెట్ ఊడిపోయింది. డబ్బా విప్పి లోపలి డిస్క్‌ని కొత్త సిస్టమ్‌లో సాటా కేబుల్‌తో (డిస్క్‌ని మదర్‌బోర్డుకి నేరుగా కలిపేది) బిగించాను. ‘ఫార్మాట్ చేయాలి’ అంటోంది, ‘రా’ (RAW) అని చూపిస్తోంది. డిస్క్ పోయినట్టేనా మేడమ్?
(ఫోటోగ్రాఫర్, భీమవరం)

జవాబు: పోలేదు అనే అనుకుంటున్నాను. ‘రా’ అంటే దాంట్లోని ఫార్మాట్‌ని విండోస్ గుర్తుపట్టలేకపోయిందని అర్థం. ఆ ‘ఫార్మాట్’ బటన్ మాత్రం నొక్కొద్దు. డిస్క్ తీసి పక్కన పెట్టండి.

మీ ఉత్తరంలో ఒక్క మాట నాకు ఆధారం ఇచ్చింది. 4 టీబీ డిస్క్ ఎక్స్‌పీలో పూర్తిగా పనిచేసేదన్నారు. పైన తెనాలి వారికి చెప్పిన లెక్క ప్రకారం అది కుదరదు కదా! 2010 నుంచి 3 టీబీ డిస్కులు వచ్చినప్పుడు ఎక్స్‌పీ వాడేవాళ్లు ఇంకా చాలామంది ఉండేవారు. అందుకని కొన్ని కంపెనీలు యూఎస్‌బీ డబ్బా లోపలి చిప్‌లో ఒక ఉపాయం చేశాయి. సెక్టర్ 512 బైట్లు అని చెప్పకుండా 4096 బైట్లు అని సిస్టమ్‌కి చెప్పాయి. గడి ఎనిమిది రెట్లు పెద్దదైతే గళ్ల సంఖ్య ఎనిమిదో వంతు అవుతుంది. అదే 32 బిట్ల నంబరుతో 2 టీబీ బదులు 16 టీబీ దాకా లెక్కపెట్టొచ్చు. చాలా తెలివైన పని అది. ఎక్స్‌పీని ముట్టుకోకుండానే పెద్ద డిస్క్ చూపించారు.

చిక్కంతా డబ్బా తీసేసినప్పుడే. చిప్ లేకుండా సాటాతో బిగిస్తే డిస్క్ తన మామూలు 512 లెక్కే చెబుతుంది. పార్టిషన్ పట్టికలో ‘256వ సెక్టర్ దగ్గర మొదలు’ అని రాసి ఉందనుకోండి. డబ్బా లెక్కలో అది 1 ఎంబీ దగ్గర. సాటా లెక్కలో 128 కేబీ దగ్గర. దస్తావేజులో 256 గజాలని రాసి ఉంటే 256 అడుగులని చదివి, పక్కవాళ్ల స్థలంలో నిలబడి ‘ఇక్కడ ఇల్లే లేదు’ అన్నట్టుంది. ఇల్లు ఉంది. మనం నిలబడ్డ చోటే తప్పు.

కాబట్టి అదే కంపెనీ, అదే మోడల్ డబ్బా పాతది సంపాదించండి. లోపలి డిస్క్ పోయి డబ్బా బాగున్నవి రిపేరు షాపుల్లో దొరుకుతాయి. మీ డబ్బాలోదే సర్క్యూట్ బోర్డు జాగ్రత్తగా ఉంచండి, పారేయొద్దు. సాకెట్ ఊడటమే అయితే సోల్డరింగ్ బాగా తెలిసినవాళ్లు గంటలో అతికిస్తారు, అన్నిటికంటే అదే మంచి దారి. కొన్ని డబ్బాల చిప్ రాసేటప్పుడే డేటాని తాళం వేసి రాస్తుంది, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే. అలాంటిదైతే వేరే డబ్బాలో చదవడం చాలా కష్టం. అందుకే మీ బోర్డునే బాగు చేయించమంటున్నాను.

బోర్డు కాలిపోయి, తాళం లేని రకమైతే, లినక్స్ తెలిసిన టెక్నీషియన్ డిస్క్‌ని చదవడానికి మాత్రమే తెరిచి, లూప్ డివైస్‌కి సెక్టర్ సైజు 4096 ఇచ్చి చూపించగలడు. నేను ఈ పద్ధతిలో ఒకసారి ఒక స్కూలు వాళ్ల డిస్క్ తెరిచాను. ఫోల్డర్ల పేర్లు వరసగా కనపడిన ఆ క్షణంలో ఆ హెడ్‌మాస్టరు గారు నా చెయ్యి పట్టుకున్నారు.

మీ డిస్క్ ఈ రకమో కాదో ఇంకోసారి యూఎస్‌బీలో పనిచేసినప్పుడు మీరే చూసుకోవచ్చు. స్టార్ట్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి, కాంపొనెంట్స్, దాంట్లో స్టోరేజ్, దాంట్లో డిస్క్స్ దగ్గర బైట్స్/సెక్టర్ అనే వరస చూడండి. 4096 అని ఉంటే ఇదే రకం. ఆ మాట మార్కర్‌తో డబ్బా మీద రాసి పెట్టుకోండి, రేపు ఇంకెవరైనా విప్పకుండా. ఇలాంటి డబ్బా మీదకి విండోస్ 7లోని సిస్టమ్ ఇమేజ్ బ్యాకప్ కూడా పోదు, ఎర్రర్ ఇస్తుంది. మామూలుగా ఫైళ్లు కాపీ చేసుకోవడానికి ఇబ్బంది లేదు.

ప్రశ్న: 4 టీబీ అని కొన్న డిస్క్ 3.63 టీబీ చూపిస్తోంది. షాపువాడు మోసం చేశాడా?
(డిగ్రీ విద్యార్థి, నంద్యాల)

జవాబు: చేయలేదు. డిస్క్ తయారుచేసేవాళ్లు వెయ్యితో హెచ్చిస్తూ పోతారు, విండోస్ 1024తో భాగిస్తూ పోతుంది. మీ డిస్క్‌లో 4,00,078 కోట్ల బైట్ల పైచిలుకు ఉన్నాయి. దాన్ని 1024తో నాలుగుసార్లు భాగిస్తే 3.63 వస్తుంది. 4 టీబీ డిస్క్ 1.63 టీబీ అనో, 1678 జీబీ అనో కనపడితే మాత్రం అది పైన చెప్పిన మీటరు చుట్టు తిరిగిన బాపతు. వెంటనే దాంట్లో రాయడం ఆపండి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. ఆఫీసులో విండోస్ 7, 32 బిట్ సిస్టమ్. కొత్త 4 టీబీ డిస్క్ పెట్టి దాంట్లోకే విండోస్ ఎక్కిద్దామనుకుంటే 2048 జీబీ ఒక ముక్క, 1678 జీబీ ఒక ముక్కగా కనపడుతోంది. రెండో ముక్కని వాడనివ్వడం లేదు. జీపీటీకి మారిస్తే విండోస్ ఎక్కనంటోంది.
(అకౌంటెంట్)

జవాబు: రెండూ నిజమే. ఎంబీఆర్‌గా ఉంచితే 2048 తర్వాతది అక్కరకు రాదు. జీపీటీ డిస్క్ నుంచి విండోస్ 7 ఆన్ కావాలంటే రెండు కావాలి. సిస్టమ్ ఆన్ అవగానే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్ పాత బయోస్ కాకుండా కొత్త రకం యూఈఎఫ్ఐ అయి ఉండాలి, విండోస్ 64 బిట్ అయి ఉండాలి. మీది 32 బిట్ కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. దిగులు పడకండి. జీపీటీ డిస్క్‌ని డేటా కోసం వాడుకోవడానికి 32 బిట్ విండోస్ 7కి అభ్యంతరం లేదు. 120 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని విండోస్ దాంట్లో ఎక్కించండి. 4 టీబీని జీపీటీగా చేసి డీ డ్రైవ్‌గా పెట్టుకోండి. మీ సిస్టమ్‌కి వేగం కూడా వస్తుంది.

విండోస్ ఎక్కించాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పూర్తి 3726 జీబీ కనపడుతోందో లేదో చూసుకోండి. కనపడకపోతే ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ పాతదై ఉంటుంది. రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ 10.1 గానీ, ఆ తర్వాతది గానీ ఎక్కించండి. ఆ అంకె సరిగ్గా కనపడేదాకా ట్యాలీ డేటా దాంట్లో పెట్టకండి. ఎంబీఆర్ నుంచి జీపీటీకి విండోస్ 7 డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మార్చాలంటే డిస్క్ ఖాళీగా ఉండాలి, కాబట్టి ఈ పని డేటా ఎక్కించక ముందే చేసుకోవాలి.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. ఖమ్మంలో మా నాన్నగారికి ప్రెస్ ఉంది. ఎక్స్‌పీ సిస్టమ్ మార్చమంటే వినరు. ‘నా చేతికి అలవాటైన కీబోర్డు, నా ఫాంట్లు దాంట్లోనే ఉన్నాయి’ అంటారు. ఫైళ్లు పెరిగిపోతున్నాయి. కొత్త సిస్టమ్‌లోనే ఆయన ఎక్స్‌పీ ఉండేలా చేయొచ్చంటున్నారు, నిజమేనా?
(ఒక కూతురు)

జవాబు: నిజమేనమ్మా. నాన్నగారు మొండితనంతో అంటున్నారనుకోవద్దు. ఇప్పుడు అంతటా వాడే తెలుగు అక్షరాల పద్ధతి యూనికోడ్. అను ఫాంట్లు అక్షరాలని వేరే పద్ధతిలో పెట్టుకుంటాయి. వాటి కీబోర్డు చేతికి అలవాటైతే కళ్లు మూసుకుని టైప్ చేస్తారు. పాత ఫైళ్లు వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనపడుతుంది. ఏళ్ల తరబడి పని చేతిలో ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు.

దారి ఇది. విండోస్ 11 ఉన్న కొత్త సిస్టమ్ కొనండి. దాంట్లో వర్చువల్‌బాక్స్ లాంటి, ఒక సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ వేసి, లోపల ఎక్స్‌పీ ఎక్కించండి. ఆ ఎక్స్‌పీకి ఇచ్చే డిస్క్ నిజం డిస్క్ కాదు, కొత్త సిస్టమ్‌లో ఉండే ఒక పెద్ద ఫైలు. 40 జీబీ ఇస్తే పేజ్‌మేకర్‌కీ ఫాంట్లకీ చాలు. ఫైళ్ల కోసం 4 టీబీ డిస్క్‌ని బయట కొత్త విండోస్‌లో జీపీటీగా పెట్టి, షేర్డ్ ఫోల్డర్‌గా లోపలి ఎక్స్‌పీకి చూపించండి. సెక్టర్ నంబర్లు లెక్కపెట్టేది కొత్త విండోస్ కాబట్టి ఈ ఉత్తరాల్లోని బాధలేవీ ఆయనకి రావు. లోపలి ఎక్స్‌పీకి నెట్‌వర్క్ కార్డు తీసేయండి, షేర్డ్ ఫోల్డర్‌కి అది అక్కర్లేదు.

డబ్బు కట్టేముందు ఒకటి చూసుకోండి. ఆయన ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కి డాంగిల్ (తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచే తాళంచెవి లాంటి ముక్క) ఉందా? ఉంటే యూఎస్‌బీదా, వెనక ప్రింటర్ పోర్టుకి తగిలించే పొడుగు రకమా? యూఎస్‌బీ డాంగిల్‌ని లోపలి ఎక్స్‌పీకి అప్పగించవచ్చు, చాలావరకు పనిచేస్తుంది. ప్రింటర్ పోర్టు రకమైతే కొత్త సిస్టమ్‌లో ఆ పోర్టే ఉండదు. అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లని యూఎస్‌బీకి మార్చి ఇవ్వమని అడగండి.

పాత సిస్టమ్‌ని నెల రోజులు అలాగే బల్ల మీద ఉంచండి. కొత్తదాంట్లో ఆయన ఒక శుభలేఖ మొదట్నుంచి చివరిదాకా చేసి ప్లేట్‌కి పంపేదాకా పాతదాని వైరు తీయొద్దు. సెలవు పెట్టి ఆ మొదటి రోజు మీరు పక్కన కూర్చోండి. షేర్డ్ ఫోల్డర్‌కి డ్రైవ్ అక్షరంగా, ఆయనకి ఇన్నాళ్లూ అలవాటైన అక్షరమే ఇవ్వండి.